మందార క్రాసింగ్, గింజ మొక్కలు: సభ్యులకు ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నర్సరీ నుంచి తెచ్చుకున్న హైబ్రిడ్ మందారలను ఒకదానితో ఒకటి క్రాస్ చేసి, అంటే ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు రాసి, మన మిద్దెల మీదే కొత్త రంగులు పుట్టించాలన్నది ఈ ఏడాది మనం పెట్టుకున్న పని. ఎడీనియం (ఎడారి గులాబీ), కనకాంబరం మీద కూడా కొంత జరిగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, అందుకే ఇక్కడ పని గురించే రాస్తున్నాం. కాయ నిలవలేదంటే చెయ్యి తిరగలేదనుకుని చాలామంది నిరుత్సాహపడ్డారు. సభ్యులు పంపిన రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు చేతిది కాదు. పుప్పొడి రాసిన కాలం, రాసిన గంట, పువ్వుకు కట్టని చీటీ, ఈ మూడిటి దగ్గరే ఎక్కువ కాయలు పోయాయి.

కాలం, వేళ

మందార పుప్పొడికి వేడి పడదు. పగటి ఎండ 32 డిగ్రీలు దాటిందంటే కాయ నిలవడం బాగా తగ్గిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా పువ్వు పూస్తుంది, పుప్పొడి అంటుకుంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కొద్ది రోజులకే తొడిమ పసుపెక్కి రాలుతుంది. వానాకాలంలో చిక్కు వేరు: తడి తగిలితే పుప్పొడి రేణువు నీరు పీల్చుకుని పగిలిపోతుంది. మనకు అసలు అదను నవంబరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా. ఆ మూడున్నర నెలల్లో చేసినంతే ఏడాది పని.

రోజులో వేళ సంగతి. చలికాలం తెల్లవారుజామున పువ్వు విచ్చినా పుప్పొడి తిత్తులు వెంటనే పగలవు. తొమ్మిది దాటాక, ఎండ కాస్త తగిలాక పగులుతాయి. తిత్తి మీద పసుపు రేణువులు పొడిగా, విడివిడిగా కంటికి కనిపిస్తేనే అది సిద్ధం. నున్నగా, మూసుకుని ఉన్న తిత్తిని ఎంత రుద్దినా లాభం లేదు. అందుకే తొమ్మిదికీ పదకొండుకూ మధ్య రాయమంటున్నాం.

రాసే పద్ధతి

పువ్వు మధ్యలో పొడుగ్గా నిలబడ్డ కాడను దగ్గరగా చూడండి. కాడ పొడవునా చుట్టూ ఉన్నవి పుప్పొడి తిత్తులు. కొసన అయిదు పాయలుగా చీలి, ఒక్కో పాయ చివర గుండుసూది తలంత మెత్తని బొడిపె ఉంటుంది. అదే కీలాగ్రం. నూగుతో, కాస్త జిగటగా కనిపించినప్పుడు పుప్పొడిని పట్టుకుంటుంది.

తల్లి మొక్కగా ఎంచుకున్న పువ్వులో సొంత పుప్పొడి పడకుండా, తిత్తులు పగలకముందే సన్నని పట్టకారుతో వాటిని గీకి తీసేయండి. తండ్రి పువ్వును తొడిమతో కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆ కాడనే కుంచెలా పట్టుకుని అయిదు బొడిపెలకూ రాయండి. ఒకటి రెండిటికి రాసి వదిలేస్తే కాయ నిలిచినా గింజలు తక్కువ పడతాయి. బొడిపెలు పసుపు పూసినట్టు నిండుగా కనిపించాలి. కుంచె వాడేవాళ్లు ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు కుంచె కూడా మార్చాలి. తల్లి, తండ్రి ఒకే రోజు పూయకపోతే తండ్రి పువ్వును తడి లేని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి పనికొస్తుంది. అంతకు మించి నమ్ముకోవద్దు.

రాశాక పువ్వును ముట్టుకోవద్దు. పుప్పొడి నుంచి పుట్టిన సన్నని గొట్టం కాడ లోపలగుండా పువ్వు అడుగున ఉన్న అండాశయం దాకా దిగాలి. పెద్ద హైబ్రిడ్ పువ్వులో అది కొన్ని అంగుళాల ప్రయాణం. ఈలోగా పువ్వు తెంపితే ఆ క్రాస్ అక్కడితో సరి. ఈ ఏడాది పోయిన క్రాసుల్లో చాలా భాగం ఇలా పోయినవే. మన ఇళ్లల్లో పొద్దున్నే మందారలు పూజకు కోస్తారు, రాసినవాళ్లు ఒకరు, కోసేవాళ్లు ఇంకొకరు. కోసిన పెద్దవాళ్ల తప్పేమీ లేదు, పువ్వు మీద గుర్తు లేదు. అందుకే ముందు చీటీ కట్టి ఆ తర్వాతే పుప్పొడి రాయండి. రంగు నూలుపోగు కడితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. పూజకు వేరే మొక్కలు చూపించి పెట్టండి.

చీటీ

ప్లాస్టిక్ ముక్క మీద పెన్సిలుతో రాయండి. బాల్ పెన్, స్కెచ్ పెన్ ఎండకీ నీళ్లకీ వెలిసిపోతాయి. కాయ పండేదాకా అక్షరం నిలవాలి. రాసే తీరు: తల్లి పేరు ముందు, గుణకారం గుర్తు, తండ్రి పేరు, తేదీ. కడియం నర్సరీల నుంచో బెంగళూరు, పుణేల నుంచో వచ్చే మొక్కలకు చాలాసార్లు పేరుండదు. అలాంటివాటికి ఏదో పేరు అంటగట్టకండి. మీ ఇంటి నంబరుతో ఒక కోడ్ పెట్టుకుని, పువ్వు ఫొటో తీసి నోటు పుస్తకంలో అతికించండి. తప్పుడు పేరు రాసిన చీటీ కన్నా పేరు లేని చీటీ నయం.

కాయ నిలవకపోతే అదే జంటను తిరగేసి చూడండి. మందార హైబ్రిడ్లలో క్రోమోజోముల సంఖ్య మొక్క మొక్కకీ తేడాగా ఉంటుంది. కొన్ని తల్లిగా అసలు పనికిరావు, తండ్రిగా చక్కగా పనిచేస్తాయి. మన పెరళ్లలోని నాటు ఎర్ర మందార, ముద్ద మందార మామూలుగా కాయ కాయవు. వాటి మీద అదను వృథా చేసుకోవద్దు. నాటు ఎర్ర మందార అంటు కట్టడానికి వేరుమొక్కగానే బంగారం.

కాయ, గింజ, నారు

పువ్వు తనంతట తాను రాలాక, దాని అడుగున ఉన్న ఆకుపచ్చ గిన్నెలో వారం పది రోజులకు చిన్న గోళీలా ఉబ్బు కనిపిస్తే కాయ పట్టినట్టే. అయినా మూడు వారాల దాకా రాలే భయం ఉంది. ఆ రోజుల్లో కుండీ ఎండిపోకూడదు, చోటు మార్చకూడదు, పిండినల్లి చేరకూడదు. పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. డీఏపీ పిడికిళ్లతో వేయకండి. భాస్వరం ఎక్కువైతే మందార ఇనుము తీసుకోలేదు, లేతాకులు పాలిపోతాయి.

కాయ పండడానికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది. గోధుమరంగుకు తిరిగి అయిదు చీలికలుగా పగులుతుంది, గింజలు కింద రాలతాయి. నెల దాటగానే వలగుడ్డ సంచీ తొడగండి, చీటీ సంచీ లోపలే ఉండాలి.

గింజ పైపొర గట్టిది. గోరు కత్తెరతోనో గరుకు కాగితంతోనో గుండ్రటి వైపు, లోపలి తెలుపు కనిపించీ కనిపించనంత మాత్రమే గీకండి. కాయకు అంటుకున్న మచ్చ వైపు ముట్టుకోవద్దు, మొలక వేరు అక్కడి నుంచే వస్తుంది. రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లని ఖనిజపు గుళికలు) సమంగా కలిపిన ట్రేలో అర అంగుళం లోతున పెట్టండి. మూడో రోజు నుంచి పది రోజుల్లోపు మొలుస్తాయి. మొలిచాక ఎక్కువ నీళ్లు పోసినచోట మొదలు నల్లబడి నారు వాలిపోయింది. అది నారుకుళ్లు. ట్రే పైపొర ఆరాకే నీళ్లివ్వడం మొదటి మందు. కనిపించగానే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయండి.

నాలుగు ఆకులు రాగానే 4 అంగుళాల కుండీ, వేళ్లు నిండాక 8 అంగుళాల కుండీ. మొదటి పువ్వుకు తొమ్మిది నెలల నుంచి రెండేళ్లు. మొదటి పువ్వు చూసి మొక్కను పారేయవద్దని గట్టిగా చెబుతున్నాం. అది చిన్నగా, వంకరగా రావడం మామూలే. ఏడెనిమిది పువ్వులు చూశాక తేల్చండి: పువ్వు రెండో రోజు నిలుస్తుందా, తొడిమ బరువు మోస్తుందా, ఎండకు రంగు వెలుస్తుందా, మొగ్గలు రాలుతున్నాయా. పువ్వు గొప్పది, వేరు బలహీనం అయితే నాటు ఎర్ర మందార మీద అంటు కట్టండి. గింజతో ఆ పువ్వు మళ్లీ రాదు.

ఎడీనియం, కనకాంబరం

ఎండాకాలం ఖాళీగా ఉండనక్కర్లేదు, ఎడీనియంకు వేడి పడుతుంది. దీని పుప్పొడి బయట కనిపించదు. గొట్టం ఒక పక్క చీలిస్తే లోపల శంకువులా మూసుకున్న కేసరాలు ఉంటాయి, పుప్పొడి ఆ శంకువు లోపల. విచ్చి రెండు మూడు రోజులైన పువ్వు నుంచి సన్నటి కుంచెతో తీసి, తల్లి పువ్వు శంకువు అడుగున కేసరాల సందులోంచి లోపలికి పెట్టాలి. పుప్పొడిని పట్టే జిగట చోటు కీలాగ్రం కింది అంచున ఉంటుంది, పైన రాస్తే తగలదు. జంట కొమ్ముల్లాంటి కాయలు రెండున్నర, మూడు నెలలకు పండుతాయి. ముందే దారం చుట్టకపోతే పగిలి, రెండు కొసలా కుచ్చులున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి.

కనకాంబరంలో ‘ఢిల్లీ’ రకం ట్రిప్లాయిడ్, అంటే క్రోమోజోములు రెండు జతల బదులు మూడు జతలుగా ఉన్నది, గింజ కట్టదు. కొమ్మలతోనే పెంచాలి. మామూలు నారింజ రకాల్లో గింజ వస్తుంది, కానీ ఎండిన కాయకు నీటి చుక్క తగిలితే చిటుక్కున పగిలి గింజలు దూరంగా పడతాయి. నీళ్లు పోసేముందే కాయలు కోసుకోండి.

వచ్చే ఏడు

అక్టోబరు ఆఖరు కల్లా ప్రతి సభ్యుడూ తల్లిగా రెండు మొక్కలు, తండ్రిగా రెండు మొక్కలు ఎంచుకుని పూల ఫొటోలతో కార్యవర్గానికి తెలియజేయాలి. చీటీ ముక్కలు, వలసంచులు సంఘం ఇస్తుంది. ఎదిగిన గింజ మొక్కలున్నవాళ్లు పువ్వు వచ్చిన ప్రతిసారీ తేదీ, రెండో రోజు నిలిచిందీ లేనిదీ రాసి ఉంచండి. ఫిబ్రవరి సమావేశంలో ఆ పుస్తకాలు ముందు పెట్టుకుని, ఏ మొక్కలకు అంటు కట్టాలో అక్కడే నిర్ణయిద్దాం.

— కార్యవర్గం