వంటగది, బాత్రూమ్ పనిలో లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మా వంటగదీ బాత్రూమూ మీ కంపెనీయే డిజైన్ చేసి, బిగించి ఇచ్చింది. వారంటీ ఇంకా ఉండగానే సింకు కింది క్యాబినెట్ అడుగు పలక ఉబ్బిపోయింది. దాని తలుపు సరిగా పడటం లేదు. చూడటానికి వచ్చిన మీ టెక్నీషియన్ "నీళ్లు ఎక్కువ పడుతున్నాయండీ, కాస్త చూసి వాడుకోవాలి" అని చెప్పి వెళ్లారు. తర్వాత వచ్చిన రిపోర్టులో అదే మాట 'వాడకంలో లోపం'గా మారింది. దీన్ని నేను ఒప్పుకోను. సింకు పెట్టుకునేదే నీళ్లు వాడటానికి.

లోపం ఎక్కడుందో ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ముందువైపు అంచులకు పట్టీ చక్కగా అతికించారు, వేలితో తడిమినా అతుకు తెలియదు. వెనక అంచుకు మాత్రం పట్టీయే లేదు. డ్రెయిన్ పైపు కోసం కోసిన రంధ్రం చుట్టూ బోర్డు పచ్చిగా వదిలేశారు, సిలికాన్ కూడా పూయలేదు. పైగా కోటేషన్‌లో రాసింది వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. లామినేట్ ఊడిన చోట పొరలు కనిపించాలి కదా? కనిపిస్తున్నవి జిగురుతో అదిమిన చెక్క ముక్కలు. అది పార్టికల్ బోర్డు. ఆ బోర్డు పనికిరానిదని కాదు. తడి తగలని గోడ అల్మారాకు అది చాలు. కానీ తెరిచి ఉన్న అంచు నుంచి నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరాక కూడా మునుపటి మందానికి రాదు. ఇది మీకు తెలియదంటే నమ్మడం కష్టం.

మీ కేటలాగ్ మొదటి పేజీలోనే ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్‌ను ఆదర్శంగా చెప్పుకున్నారు. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటే షూటే-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ల కోసం రూపొందించిన ఆ వంటగదిలో పిండి సొరుగులకు ఓక్ చెక్క వాడారు, పురుగు పట్టకుండా. కత్తిగాట్లకూ మరకలకూ తట్టుకోవాలని పనిబల్లకు బీచ్ చెక్క పెట్టారు. ఏ చోట ఏ పని జరుగుతుందో చూసి దానికి తగ్గ చెక్క ఎంచుకున్నారన్నమాట. ఆ పేరు వాడుకున్నవాళ్లు సింకు కింద ఏం పెట్టాలో ఒక్క నిమిషం ఆలోచించాల్సింది.

కౌంటర్ సంగతీ ఇంతే. రాయి ముందు అంచు అడుగున సన్నటి గాడి కోసి ఉంటే, జారిన నీటిచుక్క అక్కడే తెగి కింద పడుతుంది. మాకు ఆ గాడి లేదు. నీళ్లు రాయి అడుగు వెంబడి పాకి తలుపుల పై అంచుల్లోకి దిగుతున్నాయి. ఇవాళ సింకు తలుపు, రేపు పక్కది.

బాత్రూమ్ ఇంకా టెన్షన్ పెడుతోంది. షవర్ నేలకు డ్రెయిన్ వైపు మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల వాటం ఇవ్వడం మామూలు. మా నేల మీద లెవెల్ పెట్టి చూస్తే వాటం తలుపు వైపు ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు గుమ్మం దగ్గర నిలుస్తున్నాయి. గుమ్మానికి ఇంకాస్త సిలికాన్ పూస్తామని మీ వాళ్లు అన్నారు. దానివల్ల నీళ్లు అక్కడే ఆగుతాయి తప్ప డ్రెయిన్‌లోకి పోవు కదా!

ఇక అలంకరణ గోడ. పూల డిజైన్ టైల్స్ ఒక మూల నుంచి మొదలుపెట్టారు. రెండో మూలకు వచ్చేసరికి వేలెడు వెడల్పు ముక్కలు మిగిలాయి, పువ్వు సగంలో తెగిపోయింది. గోడ మధ్యగీత నుంచి వేసుకొస్తే రెండు కొసలా ముక్కలు సమానంగా వచ్చేవి. ఇందులో మేస్త్రీ తప్పు లేదు. టైల్స్ మధ్య ఆయన వేసిన గ్రౌట్ గీతలు దారం పట్టినట్టున్నాయి. మీ ఆఫీసు ఇచ్చిన డ్రాయింగ్‌లోనే ఎక్కడ మొదలుపెట్టాలో చూపే బాణం గుర్తు మూల దగ్గర పెట్టారు, ఆయన దాన్నే పాటించారు.

నేను కోరేది ఇది. సింకు క్యాబినెట్ మొత్తం తీసి, కోటేషన్‌లో రాసిన ప్లైవుడ్‌తో, రంధ్రాలతో సహా అన్ని అంచులూ సీల్ చేసి కొత్తది పెట్టాలి. కౌంటర్‌కు గాడి కోయాలి. షవర్ నేల తవ్వి, వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేసి, టైల్స్ పరిచే ముందు 24 గంటలు నీళ్లు నిలిపి నా ఎదుట పరీక్షించాలి. పూల గోడను పగలగొట్టమని అడగను, ఆ దుమ్ము మళ్లీ భరించలేం. దాని డిజైన్‌కు తీసుకున్న చార్జీ తిరిగి ఇస్తే చాలు. రిపోర్టులో 'వాడకంలో లోపం' అన్న మాట తీసేసి, సవరించిన కాపీ పంపాలి.

15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే ఇవే ఫొటోలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇంకోసారి టెక్నీషియన్‌ను మాత్రమే పంపకండి. డ్రాయింగ్ గీసినవాళ్లు కూడా రావాలి.

ఇట్లు,
మీ కస్టమర్

జత: ఫొటోలు, కోటేషన్ కాపీ, సర్వీస్ రిపోర్టు