మా అంగడి ఇక్కడే ఉంది, ఫోన్‌లో మాత్రం చోటు మారింది

ముందే చెప్తున్నా, గాంధీ రోడ్డులో అంగడి ఎక్కడికీ పోలేదు. శ్రీకాళహస్తి నుంచి గుడ్డ ఎప్పటిలాగే వస్తోంది, ధరలు మారలేదు. మారింది ఒక్కటే, మీరు ఫోన్‌లో మా కలంకారీ చూసే చోటు.

ఇన్నేళ్లుగా ఫొటోలు పెడుతూ వచ్చిన ఆ పెద్ద యాప్‌లో మా పేజీ మూసేశారు. యాప్ పేరు రాయను, మీకు తెలుసు. కారణం ఒక్క వాక్యం: నకిలీ సరుకు అమ్ముతున్నారట. ఏ ఫొటో, ఏ చీర, ఎవరు చూసి తేల్చారు, ఏమీ లేదు. అప్పీలు పెడితే అదే వాక్యం తిరిగొచ్చింది. మనిషితో మాట్లాడదామంటే దారే లేదు.

నకిలీ అనేసరికి నాకు కడుపు మండిపోయింది. కోరా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో నానబెట్టి ఎండబెట్టేది ఎవరు? బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి నల్లరంగు తీసేది ఎవరు? వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు చివరికి దిగుతుంది. నొక్కుడును బట్టి గీత ఒకచోట లావు, ఇంకోచోట వెంట్రుకంత సన్నం. దగ్గరగా చూస్తే ఒక నెమలికీ ఇంకో నెమలికీ పోలిక ఉండదు. ఫలానా ఊరి సరుకని చట్టప్రకారం ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న పని ఇది. అదే యాప్‌లో స్క్రీన్ ప్రింట్ కొట్టిన పాలియెస్టర్‌ను 'ప్యూర్ పెన్ కలంకారీ' అని అమ్మేవాళ్లు డబ్బు కట్టి ప్రకటనలు వేసుకుంటూ హాయిగా ఉన్నారు.

పేరు కొంచెం మార్చి అదే యాప్‌లో కొత్త ఖాతా తెరవమని చాలామంది చెప్పారు. తప్పు చేసినవాళ్లలా నా అంగడి పేరు నేనెందుకు దాచుకోవాలి? తెరవలేదు, తెరవను.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా తమ్ముడి కొడుకు అప్పుడు మాస్టడాన్ గురించి చెప్పాడు, ఫొటోలు, మాటలు పెట్టుకునే ఇంకో సోషల్ మీడియా అది. 2016లో యూజెన్ రోచ్కో అనే జర్మనీ కుర్రాడు మొదలుపెట్టింది. దానికి ఒకే యజమాని, ఒకే ఆఫీసు అంటూ లేవు. ఖాతాలు ఉండే కంప్యూటర్లను సర్వర్లంటారు, అలాంటివి వేలు, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు నడుపుతారు. జీమెయిల్ ఉన్నవాళ్లు యాహూ వాళ్లకు మెయిల్ పంపినట్టే ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో వాళ్లను ఫాలో కావచ్చు. వీటి మధ్య మాటలు నడిపే యాక్టివిటీపబ్ పద్ధతిని వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2018లో ఆమోదించింది. ఫొటోల కోసమే ఉన్న పిక్సెల్‌ఫెడ్ కూడా అదే పద్ధతి, అందులోంచి కూడా మమ్మల్ని ఫాలో కావచ్చు.

'ఇదీ ఒకరోజు మూతపడదని ఏముందిరా?' అన్నాను. అడక్క ఏం చేస్తాను? 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు, మేం రంగులద్దే వీడియోలన్నీ దాంతోనే పోయాయి. తర్వాత మన దేశపు యాపే కదా అని 'కూ'లో చేరాం, 2024 జూలైలో అదీ మూసేశారు. 'ఒక సర్వర్ మూతపడితే మిగతావి ఉంటాయి అత్తా. ముందే ఖాతా ఇంకోచోటికి మార్చుకుంటే ఫాలోవర్లు నీ వెంటే వస్తారు' అన్నాడు. పెట్టిన పోస్టులు మాత్రం రావట. అదీ నిజమే చెప్పాడు.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. ఎవరి సర్వర్‌లో చేరాలి? నాకు నచ్చిన చేతిపనుల సర్వర్‌లో నియమాలు చదివితే వ్యాపార ఖాతాలు వద్దని ఉంది. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం, కోపం లేదు. వ్యాపారానికి ఒప్పుకునేవి ఉన్నాయి గానీ, మళ్లీ ఇంకొకరి గడపలో నిలబడడానికి మనసు రాలేదు. సొంత సర్వర్ పెడితే నెలనెలా అద్దె, దాన్ని చూసుకునే మనిషి కావాలి. చీర అమ్ముకునేదానికి సర్వర్ ఎందుకని మా ఆయన రోజూ ఒకే పాట. పైగా ఇంకో మెలిక ఉంది. సర్వర్‌కు ఒకసారి పెట్టిన డొమైన్ పేరు, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామా, తర్వాత మార్చడం కుదరదు. మార్చాలంటే మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే.

మా మామగారు బోర్డు రాయించినప్పుడు న్యూమరాలజీ ఆయన మాట విని ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు 'ఏ'లు ఎక్కువ పెట్టించారు. అవి తీసేస్తే టైపు చేయడానికి సులువని మా అల్లుడు పట్టుబట్టాడు. నాకు నిద్ర పట్టలేదు. చివరికి సొంత సర్వరే పెట్టి, డొమైన్ పేరు ఆ రెండు 'ఏ'లతోనే కొన్నాం. నలభై ఏళ్లు బోర్డు మీద నిలిచిన పేరు, ఫోన్‌లో నిలవదా?

కొత్తచోట మీకు కనిపించే తేడాలు చెప్తాను. నేను పెట్టింది పెట్టిన వరసలోనే మీకు వస్తుంది, మధ్యలో ప్రకటనలు దూరవు. ప్రతి ఫొటో కింద బొమ్మను మాటల్లో వర్ణిస్తున్నాను, చూపులేనివాళ్ల ఫోన్ చదివి వినిపించడానికి. అక్కడివాళ్లకు అది మర్యాద. గజేంద్రమోక్షం చీరకు రాస్తూ కూర్చుంటే, మొసలి నోట్లో ఉన్నది ఏనుగు ముందుకాలా వెనకకాలా అని మళ్లీ గుడ్డ విప్పి చూసుకున్నాను. ఇంతకాలం 'ధర కోసం ఇన్‌బాక్స్' అని రాసి వదిలేసేదాన్ని. ఇప్పుడు ధర కూడా అక్కడే ఉంటుంది.

అక్కడ ప్రైవేటు మెసేజ్‌లకు పూర్తి తాళం ఉండదు, మీ ఖాతా ఉన్న సర్వర్ నడిపేవాళ్లు తలచుకుంటే చదవగలరు. అందుకని అడ్రసు, ఫోన్ నంబరు అందులో పెట్టకండి. ఆర్డర్లు ఎప్పటిలాగే అంగడి వాట్సాప్‌లోనే. అదీ పెద్ద కంపెనీదే కదా అని మా అల్లుడు నవ్వుతాడు. నవ్వనీ, మదనపల్లె పెద్దమ్మకు నేను మాస్టడాన్ నేర్పలేను.

పాత పేజీలో మమ్మల్ని చూసేవాళ్లలో చాలా కొద్దిమందే ఇక్కడికి వచ్చారు. ఆ జాబితా తెచ్చుకునే వీలు ఆ యాప్ ఇవ్వలేదు. అమ్మకం తగ్గింది, తగ్గలేదని చెప్పను. అయినా కాళహస్తిలో పని చేసేవాళ్లకు ఇవ్వాల్సిన కూలి ఒక్క రూపాయి ఆపలేదు.

పాత ఇన్‌బాక్స్‌లో మాట్లాడుకుని అడ్వాన్సు కట్టినవాళ్లు టెన్షన్ పడొద్దు. ఆ మాటలు నాకు ఇప్పుడు కనబడవు గానీ బ్యాంకు లెక్క కనబడుతుంది. చెల్లించిన స్క్రీన్‌షాట్, అడిగిన డిజైను వాట్సాప్‌లో పంపండి, ఒప్పుకున్న ధరకే ఇస్తాను. కొత్త ఖాతా పేరు అంగడి బిల్లు మీద అచ్చు వేయించాం. టైపు చేసేటప్పుడు ఆ రెండు 'ఏ'లు మర్చిపోవద్దు.