ఒంటరిగా ఉంటున్న పెద్దలకు అత్యవసర బటన్

సభ్యులందరికీ నమస్కారం. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉండగా మన కోనసీమ ఇళ్లలో ఒంటరిగా ఉంటున్న పెద్దలు స్నానాలగదిలో జారిపడితే, మంచం పక్కనున్న ఫోను వారికి అందదు కనుక, మెడలో గొలుసులా వేసుకునే అత్యవసర బటన్ గురించి ఆలోచించవలసిందిగా కోరుతున్నాను. సిమ్ ఉన్న రకమైతే, నొక్కగానే ముందుగా నమోదు చేసిన నంబర్లకు కాల్ వెళుతుంది. వాటిలో మొదటిది అమెరికాలోని అబ్బాయిది కాక, ఇంటి తాళంచెవి ఉన్న పొరుగువారిది కావాలి. స్నానానికి వెళుతూ దాన్ని మేకుకు తగిలిస్తే (మా అత్తయ్యగారు చేసే పని అదే) ప్రయోజనం లేదు. నీటికి తట్టుకునే రకమే కొనండి. తుపాను రోజుల్లో కరెంటుతోపాటు సెల్ టవరూ పనిచేయకపోవచ్చు కనుక, రోజూ ఉదయం ఒకసారి వెళ్లి పలకరించడం మానవద్దు. అంబులెన్సుకు 108, ఇతర అత్యవసరాలకు 112. సలహాలకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.