పాత స్పోర్ట్స్ కారు బ్రేకు పట్టేస్తే ముందు విప్పాల్సింది చక్రం కాదు

సంపాదకులకు,

పాత స్పోర్ట్స్ కార్లను బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించడం గురించి వచ్చే వ్యాసాల్లో రంగు, క్రోమియం మెరుపు, తోలు సీట్లు, ఇంజన్ చప్పుడు అన్నీ ఉంటాయి. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి ‘అన్నీ కొత్తవి వేశారు’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. అన్నీ కొత్తవి వేసినంత మాత్రాన బ్రేకు కుదిరినట్టు కాదు. తలా ఒకచోట తెచ్చిన భాగాలను కలిపి బిగించినప్పుడు మిల్లీమీటరు తేడా వచ్చినా చాలు, బ్రేకు పట్టేస్తుంది. అప్పుడు ఏది విప్పాలో తెలియక మళ్లీ అన్నీ మార్చేవాళ్లున్నారు. ఈ ఉత్తరం వాళ్ల కోసమే.

ముందు పట్టేయడం సంగతి. బయల్దేరిన పది నిమిషాలు బండి హాయిగా నడుస్తుంది. తర్వాత బరువుగా లాగుతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది, చక్రాల దగ్గర మాడు వాసన వస్తుంది. పక్కన ఆపి అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలే. చాలామంది వెంటనే చక్రాలు విప్పి కాలిపర్ల (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాల) మీద పడతారు. ఈ లక్షణం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్‌ను, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి తోసే భాగాన్ని. అందులో రబ్బరు కప్పుకు కాస్త ముందు, సూది మొన దూరేంత రంధ్రం ఒకటుంటుంది. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు వేడికి పొంగిన ఆయిల్ దాన్ని నిల్వ ఉంచే డబ్బాలోకి తిరిగి వెళ్లేది దాని గుండానే. పుష్‌రాడ్ (పెడల్ నుంచి సిలిండర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీ) కాస్త పొడవైతే కప్పు ఆ రంధ్రాన్ని పూర్తిగా వదలదు. పొంగిన ఆయిల్‌కు దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది, ఆ రాపిడికి వేడి పెరుగుతుంది, ఆయిల్ ఇంకా పొంగుతుంది. అందుకే పుష్‌రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఆట (ఖాళీ) ఉండాలి. పాదం పెట్టే చోట అది కొన్ని మిల్లీమీటర్లుగా తెలుస్తుంది. బండి మాన్యువల్‌లో అంకె ఉంటే దాన్నే పాటించాలి.

దోషం పట్టుకునే పరీక్ష బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే, చల్లారకముందే చేయాలి. బండిని ఒట్టి జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలిపి, నేల మీదున్న చక్రాలకు అడ్డం పెట్టి, పట్టేసిన చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తూ పైనుంచి కిందికి రావాలి. మొదట మాస్టర్ సిలిండర్‌ను పట్టి ఉంచే నట్లను రెండు చుట్లు వదులు చేసి, సిలిండర్‌ను ముందుకు జరపండి. చక్రం వదిలేసిందంటే పుష్‌రాడ్ పొడవో, పెడల్‌ను నొక్కి పెడుతున్న బ్రేక్ లైటు స్విచ్చో కారణం. వదలకపోతే సిలిండర్ నుంచి బయటికొచ్చే పైపు నట్టు కాస్త తిప్పండి. అప్పుడు వదిలితే దోషం సిలిండర్ లోపలే: రంధ్రం పూడిపోయింది, లేదా రబ్బరు ఉబ్బింది. అప్పటికీ వదలకపోతే, రబ్బరు హోస్‌కు (చక్రం దగ్గరి వంగే గొట్టానికి) బాడీ వైపున స్టీలు పైపు కలిసే చోట వదులు చేయాలి. చివర్న కాలిపర్ నిప్పిల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర). స్టీలు పైపు దగ్గర విప్పినా వదలని చక్రం నిప్పిల్ తిప్పగానే వదిలితే హోస్ లోపల మూసుకుపోయినట్టే. నిప్పిల్ తెరిచినా వదలకపోతే, అప్పుడే పిస్టన్ జామ్ అయిందనో, హ్యాండ్ బ్రేకు కేబుల్ పట్టేసిందనో అనాలి. మధ్యలో సర్వో (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే పరికరం) ఉంటే దానికి రెండు పక్కలా ఇదే పరీక్ష.

ఈ వరుస తిరగేయకూడదు. నిప్పిల్ ముందే తెరిస్తే ఆయిల్ ఒత్తిడి ఎక్కడ చిక్కుకున్నా దిగిపోతుంది, చక్రం వదిలేస్తుంది, దోషం ఎక్కడిదో చెప్పే ఆధారం ఆ క్షణమే పోతుంది. కాలిపర్లు మార్చినా బ్రేకు మళ్లీ పట్టేసిందన్న ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఈ పొరపాటే. ఆయిల్ ఒత్తిడితో చిమ్ముతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి, విప్పే పైపు కీలు చుట్టూ గుడ్డ పెట్టండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

హోస్ గురించి ఇంకో మాట. పైకి నిగనిగలాడే హోస్‌ను నిలువునా కోసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి, ఆయిల్ పోయే దారి దారమంత మిగిలి ఉండొచ్చు, లేదా ఊడిన పొర ఒకటి రెక్కలా వేలాడుతుండొచ్చు. కాలి బలానికి ఆయిల్ అందులోంచి దూసుకుపోతుంది. వెనక్కి తోసేది మాత్రం పిస్టన్ సీలుకున్న కొద్దిపాటి సాగుడే, దానికి ఆ బలం చాలదు. షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడిన బండికి హోసులన్నీ మార్చాల్సిందే. కొన్న కొత్తది కూడా షాపులో ఎన్నాళ్లు పడి ఉందో దాని మీద అచ్చువేసిన తేదీ చెబుతుంది.

రబ్బరు ఉబ్బడానికి మరో కారణం ఇంజన్ ఆయిల్, గ్రీజు, పెట్రోలు లాంటివి తగలడం. డబ్బా మూతలో ఉండే రబ్బరు పొరను చూడండి. అది ముడతలు పడి మూత కంటే పెద్దదైతే పెట్రోలియం నూనె లోపలికి చేరిందని అర్థం. అప్పుడు కడిగి నింపితే సరిపోదు, ఉన్న ప్రతి రబ్బరూ మార్చాలి.

పెడల్ మెత్తగా ఉంటే బ్రేక్ పైపుల్లో గాలి ఉన్నట్టు. రెండుసార్లు తొక్కాక పైకొచ్చి గట్టిగా నిలిస్తే చాలాసార్లు వెనక డ్రమ్ముల్లో షూలు (లోపలి నుంచి డ్రమ్మును ఒత్తే బ్రేకు పలకలు) డ్రమ్ముకు దూరంగా ఉన్నట్టు. అందుకే గాలి తీయడానికి ముందే షూలను చక్రం ఆగేదాకా బిగించి, తిరిగేంత వరకు మాత్రమే వదలాలి. కాలు ఒకే బలంతో అదిమి ఉంచినా పెడల్ మెల్లగా దిగిపోతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ కప్పు ఆయిల్‌ను పట్టి ఉంచడం లేదు. ఎంత గాలి తీసినా మెత్తదనం పోకపోతే కాలిపర్లను ఒకసారి చూడండి: ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించి ఉంటే నిప్పిల్ కిందికి వస్తుంది, పైనున్న గాలి ఎప్పటికీ బయటికి రాదు. నిప్పిల్ ఎప్పుడూ పైనే ఉండాలి.

డబ్బాలో ఆయిల్ తగ్గుతూ, బయట చుక్క తడి లేకుండా, పొగగొట్టం నుంచి తెల్లటి పొగ వస్తుంటే సర్వోను అనుమానించండి. విడిగా బిగించే పాత సర్వోల్లో సీలు పోతే ఆయిల్ వాక్యూమ్ పైపు గుండా ఇంజన్‌లోకి పోయి కాలిపోతుంది. ఆ పైపు ఊడదీస్తే లోపల తడి కనిపిస్తుంది.

బండి పక్కకు లాగితే లాగిన వైపు చక్రాన్ని నిందించకండి. తరచూ అది తన పని తాను చేస్తుంటుంది, అవతలి వైపుదే పనిచేయడం లేదు. టైర్లలో గాలి మాత్రం ముందే సరిచూడాలి.

అన్నిటికంటే భయపెట్టే తప్పు మరలది. చాలా బ్రిటిష్ బళ్లలో బ్రేక్ పైపు నట్టు 3/8 అంగుళాల యూఎన్‌ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర): వ్యాసం 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. దానికి కవల పిల్లలా కనిపించేది మెట్రిక్ 10 మిల్లీమీటర్ల నట్టు, చుట్టుకు ఒక మిల్లీమీటరు. యూఎన్‌ఎఫ్ నట్టును మెట్రిక్ రంధ్రంలో పెడితే వదులుగా దిగి బిగిసినట్టే అనిపిస్తుంది, గట్టిగా బ్రేకు కొట్టిన రోజున మరలు తెగి ఊడొస్తుంది. 1960ల దాకా వచ్చిన చాలా స్పోర్ట్స్ కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే సర్క్యూట్ (ఆయిల్ దారి). ఆ ఒక్క నట్టు ఊడితే హ్యాండ్ బ్రేకు తప్ప ఇంకేమీ మిగలదు. అందుకే ప్రతి నట్టునూ ముందు వేళ్లతోనే తిప్పాలి. ఊగితే తప్పు నట్టు, ఒకటి రెండు చుట్లకే బిగుసుకున్నా తప్పు నట్టే.

ఆయిల్ విషయంలో డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ చాలు. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు, నీరు పీల్చుకున్నాక కనీస ప్రమాణం 155 డిగ్రీలే. అందుకే ఎక్కువ తిప్పకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 5 సిలికాన్‌ది, డాట్ 5.1 గ్లైకాల్‌ది. అంకెలు దగ్గరగా ఉన్నాయని ఆ రెండింటినీ కలపొద్దు.

పాత లైనింగుల్లో (షూల మీది రాపిడి పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదకుండా, మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

అన్నీ బిగించాక ఇంజన్ ఆపి ఉంచి పెడల్‌ను ఒక నిమిషం బలంగా అదిమి పట్టండి, ఇంకొకరు ప్రతి కీలునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఇరవై సార్లు తగ్గిస్తే ప్యాడ్లు డిస్కుకు కుదురుకుంటాయి. 100 కిలోమీటర్లు తిరిగాక షూలను మళ్లీ దగ్గరికి జరిపి, డబ్బా మీద మొదటిరోజు పెట్టిన గీత దగ్గరే ఆయిల్ ఉందో లేదో చూడండి.

ఇట్లు,
పాత కార్ల బ్రేకు పని తెలిసిన ఒక పాఠకుడు