తీర్థానికి మన మినీబస్సు: ముందు పర్మిట్

అందరికీ నమస్కారమండి. అంతర్వేది తీర్థానికి ట్రస్టు మినీబస్సు వెయ్యమని రోజూ ఫోన్లు. వేద్దాం గానీ, చించినాడ వంతెన దగ్గర బండి ఆపితే "ఊరికే తీసుకెళ్తున్నామండి" అనే మాట చెల్లదు. పర్మిట్ లేకుండా తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

తీర్థాలకు, జాతరలకు 87వ సెక్షన్ కింద తాత్కాలిక పర్మిట్ ఇస్తారు, గరిష్ఠంగా 4 నెలలకు. ఆర్టీఓ ఆఫీసులో ముందుగానే అడగాలి. డీజిల్‌కని తలా వంద వసూలు చేయొద్దండీ, అది కిరాయి కిందకి పోతుంది. విరాళమైతే రసీదు రాసి ట్రస్టు ఖాతాలో వెయ్యండి. తెలిసినవాళ్ల స్కూల్ బస్సు అడుగుదామనే ఆలోచన మానేయండి, దాని పర్మిట్ పిల్లల కోసం. మన వైకుంఠ రథానికి మాత్రం ఈ టెన్షన్ లేదు, శవాన్నీ వెంట వచ్చేవాళ్లనీ మాత్రమే తీసుకెళ్లే బండికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఆర్‌సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో ఇవాళే చెప్పండి.