పోలీసు బ్యాండుకు క్లారినెట్లు ఊదించి కొనండి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి నమస్కారం.

పెళ్లి మేళాల్లో, గుడి ఉత్సవాల్లో క్లారినెట్ ఊదుకుని బతికేవాణ్ణి. ఇకమీదట పోలీసు బ్యాండుకు క్లారినెట్లు ఎప్పుడు కొన్నా, తక్కువ ధర కోట్ చేసినవాళ్లకు ఆర్డర్ ఇచ్చేముందు వాటిని మైదానంలో ఊదించి వినమని అడగడానికే ఈ ఉత్తరం.

నాకు తెలిసిన ఒక బ్యాండుకు కాగితం చూసి కొన్నారు. స్పెసిఫికేషన్‌లో బీ ఫ్లాట్ (శ్రుతి), బోమ్ సిస్టం (కీల అమరిక), 17 కీలు (రంధ్రాలు మూసి తెరిచే మీటలు), చెక్క బాడీ అని ఉంది. ఈ నాలుగు మాటలకూ సరిపోయే వాద్యం వేలల్లో దొరుకుతుంది, లక్షల్లోనూ దొరుకుతుంది. పెట్టెలు తెరిస్తే తళతళలాడుతున్నాయి. ఏడాది తిరక్కముందే కీలు వదులయ్యాయి, రంధ్రాలను మూసే మెత్తటి ప్యాడ్లు గాలి వదిలేశాయి. ట్రంపెట్లు, డ్రమ్ములు మొదలయ్యాయంటే క్లారినెట్ వాళ్లు ఊదుతున్నారో ఊరికే పట్టుకున్నారో ఎవరికీ తెలిసేది కాదు.

గదిలో చెవులు చిల్లులు పడేలా మోగే వాద్యం కూడా బయట తేలిపోవచ్చు. మన చెవి రెండు వేల నుంచి ఐదు వేల హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాన్ని చురుగ్గా పట్టుకుంటుంది. ఆ మేర శబ్దం బలంగా ఉన్న వాద్యం మెల్లగా ఊదినా అవతలి గట్టుకు చేరుతుంది. మైకు లేని రోజుల్లో సన్నాయి ఊరంతా వినిపించింది అలాగే.

పరీక్షకు ల్యాబులు అక్కర్లేదు. క్లారినెట్ పై ముక్క విడదీసి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింద అరచేయి అదిమిపెట్టి, పైనుంచి నోటితో గాలి పీల్చాలి. ఆ బిగువు కాసేపు నిలవాలి. సుయ్‌మని జారిపోయిందంటే ప్యాడ్ లీకవుతున్నట్టే. ఆ తర్వాత అన్నిటికీ ఒకే మౌత్‌పీస్ (నోట పెట్టుకునే భాగం), ఒకే రీడ్ (దానికి బిగించే పలుచటి పుల్ల) పెట్టి ఒకే మనిషి చేత ఊదించండి. కమిటీ వాళ్లు మైదానం చివర వీపు తిప్పి కూర్చోవాలి. ఏది ఏ కంపెనీదో వాళ్లకు తెలియనే కూడదు. మధ్యలో వచ్చే ‘ఏ’ (A), ‘బీ ఫ్లాట్’ (B♭) స్వరాలు చాలా క్లారినెట్లలో పొగచూరినట్టు వస్తాయి. అక్కణ్ణుంచి పై ‘బీ’ (B) స్వరానికి అతుకు తెలియకుండా దాటిందా, దాన్ని ఎంచి పెట్టుకోండి.

ఖరీదైనదే కొనమని నేననను. 1950ల్లో వచ్చిన, ఫ్రాన్సు కంపెనీ బఫే వాళ్ల ఆర్13 క్లారినెట్ ఇప్పటికీ పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో మోగుతోంది, నిజమే. కానీ దాని గ్రెనడిల్లా చెక్క ఏసీ గదికీ ఎండకీ మారుతూ ఉంటే పగిలే ప్రమాదం ఉంది. అదే కంపెనీ ఆ చెక్క పొడిని కార్బన్ ఫైబర్‌తో కలిపి గ్రీన్‌లైన్ అని చేస్తుంది, దానికి పగుళ్ల టెన్షన్ లేదు. ధర మాత్రం అదీ తక్కువేం కాదు. దూరం వినిపించడానికి బాడీ దేనితో చేశారన్నదానికన్నా లోపలి బోరు (గొట్టం బోలు), రంధ్రాలు తొలిచిన తీరు, మౌత్‌పీస్ ముఖ్యం. అందుకే మధ్యరకం వాద్యానికి మంచి మౌత్‌పీస్ తగిలిస్తే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. బెల్ (అడుగున గరాటులా ఉండే భాగం) మారిస్తే శబ్దం దూరం పోతుందని అమ్మేవాళ్లు చెబితే మాత్రం నమ్మకండి. చాలా స్వరాలు తెరిచిన రంధ్రాల్లోంచే బయటికొస్తాయి, బెల్‌కు పని పడేది అడుగు స్వరాలు కొన్నిటికే.

ఎండలో వాద్యం వేడెక్కితే శ్రుతి పైకి లేస్తుంది. అందుకని, దాన్ని దించుకోడానికి, ఒక్కోదానితో కాస్త పొడవైన బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టం) ఒకటి అదనంగా అడగండి. రీడ్లకు, ప్యాడ్ల సర్వీసుకు ఏటా విడిగా డబ్బు కేటాయించండి. రోజూ రిహార్సల్ ఉంటే రీడ్ కొద్ది వారాలకే మెత్తబడుతుంది. వాటిని జేబులోంచి కొనుక్కునే వాద్యకారుల్ని నేను చూశాను. లక్షలు పోసి కొన్న క్లారినెట్‌ను అరిగిపోయిన రీడ్‌తో ఊదిస్తే ఆ లక్షలు ఎవరికి వినిపిస్తాయి?

కాబట్టి నమూనా పరీక్షను టెండర్ షరతుల్లోనే పెట్టించండి. కమిటీలో రోజూ క్లారినెట్ ఊదేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. బయటివాళ్లు కావాలంటే మాలాంటి వాళ్లం వస్తాం, చార్జీలు కూడా అడగం. ముహూర్తాలు లేని మూఢంలో పిలిస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక క్లారినెట్ వాద్యకారుడు