కొత్త లింకు రోడ్డు మంజూరు చేసే ముందు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. రద్దీ పెరిగిన ప్రతిసారీ ప్రభుత్వాల నుంచి రెండు మాటలు వినిపిస్తాయి. కొత్త రోడ్డు వేస్తామన్నది ఒకటి, వాహనదారులు బాధ్యతగా మెలగాలన్నది మరొకటి. మొదటిది ఒక్కోసారి రద్దీని తగ్గించకపోగా పెంచుతుందనీ, రెండోది మనిషి స్వభావాన్ని సగమే అర్థం చేసుకుని చెప్పే మాట అనీ మీ దృష్టికి తీసుకురావడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. నాలుగు నిమిషాలు కలిసొస్తాయని ఫోన్‌లోని మ్యాపు చెప్పగానే ప్రధాన రహదారి వదిలి, ఇళ్ల మధ్య సందులోకి బండి తిప్పినవారిలో నేనూ ఒకడిని. నా వల్ల వెనుకవారికి ఎంత ఆలస్యమైందో నాకు కనిపించలేదు, కనిపించే వీలూ లేదు. అదే పక్క నుంచి వస్తున్న కారును ముందుకు పోనిచ్చినప్పుడైతే అవతలి మనిషి ముఖం కనిపిస్తుంది, ఆయన చెయ్యి ఊపి కృతజ్ఞత తెలుపుతాడు, బహుశా తర్వాతి కూడలిలో ఇంకొకరికి దారి ఇస్తాడు. దారి ఎంచుకోవడంలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడానికి చోటు లేదు. పది నిమిషాలు ఎక్కువైనా చుట్టుదారిన పోయి అందరికీ మేలు చేసినవాడిని మెచ్చుకునేవారు ఉండరు. తాను వదులుకున్న సమయం ఎవరికైనా ఉపయోగపడిందో లేదో అతనికీ తెలియదు. రోడ్డు మీద ఎంతో మర్యాదగా నడుచుకునే మనిషి సైతం దారి ఎంపిక దగ్గరికి వచ్చేసరికి తన సంగతి తాను చూసుకోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఎవరి సమయం వారు చూసుకుంటూ పోతే చివరకు వాడుకలో ఉన్న దారులన్నిటిలోనూ ప్రయాణ సమయం సమానమవుతుందనీ, ఆ తర్వాత ఏ ఒక్కరు దారి మార్చినా లాభం ఉండదనీ బ్రిటన్‌కు చెందిన రవాణా పరిశోధకుడు జాన్ గ్లెన్ వార్డ్రాప్ 1952లో సూత్రీకరించారు. అయితే అలా కుదురుకున్న స్థితి అందరికీ కలిపి మేలైన స్థితి కానక్కర్లేదు. జర్మన్ గణితవేత్త డీట్రిష్ బ్రైస్ 1968లో చూపిన వింత ఫలితం ఈ తేడాను బయటపెట్టింది. ఆ లెక్కను ఇలా ఊహించండి. 4,000 వాహనాలు ఒకచోటి నుంచి మరోచోటికి రెండు దారుల్లో వెళుతున్నాయి. ప్రతి దారిలోనూ 45 నిమిషాలు పట్టే విశాలమైన భాగం ఒకటి, ఇరుకు భాగం ఒకటి ఉన్నాయి. ఒక దారిలో ఇరుకు భాగం మొదట వస్తే, రెండో దారిలో చివర వస్తుంది. ఇరుకు భాగంలో ప్రతి వంద వాహనాలకు ఒక నిమిషం చొప్పున సమయం పెరుగుతుంది. వాహనాలు సగం సగంగా చీలితే అందరికీ 65 నిమిషాలే. ఇప్పుడు రెండు దారుల మధ్యభాగాలను కలుపుతూ, దాదాపు సమయమే పట్టని లింకు రోడ్డు వేద్దాం. మొదట అటు తిరిగినవాడు రెండు ఇరుకు భాగాల మీదుగా 40 నిమిషాల్లోనే చేరిపోతాడు. అది చూసి మిగిలినవారూ అటే మళ్లుతారు, చివరకు అందరికీ 80 నిమిషాలు పడుతుంది. పాత దారికి ఒక్కడే తిరిగి వెళ్లాలనుకుంటే 85. అంటే ఖర్చు పెట్టి వేసిన రోడ్డు ప్రతి ఒక్కరి నుంచీ పావుగంట లాక్కుంది, పైగా ఎవరూ ఒంటరిగా వెనక్కి రాలేరు. లింకు రోడ్డులన్నీ ఇలాగే అవుతాయని నేను అనడం లేదు. అవునో కాదో ముందే లెక్కగట్టవచ్చు కదా అంటున్నాను.

ఇక బాధ్యత గురించిన హితబోధ. ఉమ్మడి నిధికి ఎవరెంత ఇస్తారో పరీక్షించిన ఆర్థికవేత్తలు ఫిష్‌బాకర్, గాఖ్టర్, ఫెర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారిలో సుమారు సగం మంది ఇతరులు ఇస్తే తామూ ఇస్తామన్న తీరున ప్రవర్తించారు. దాదాపు మూడో వంతు మంది ఎవరేం చేసినా తాము ఇవ్వలేదు. రద్దీ సమస్య నాకు ఇక్కడే అర్థమైంది. సహకరించడానికి సిద్ధంగా ఉన్న ఆ సగం మంది, పక్కవారు కూడా సహకరిస్తున్నారన్న నమ్మకం ఉన్నంతవరకే నిలబడతారు. అడ్డదారుల్లో దూసుకుపోయేవారిని రోజూ చూస్తూ ఉంటే, మంచితనం తమకు మాత్రమే శిక్ష అన్న భావన కలిగి, వారూ చేతులెత్తేస్తారు. ప్రకటనల బోర్డులు ఆ నమ్మకాన్ని కలిగించలేవు. అందరికీ వర్తించే, అమలవుతున్నట్టు కంటికి కనిపించే నియమం మాత్రం కలిగించగలదు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ అనుభవం ఈ విషయంలో గమనించదగినది. అక్కడ 2006 జనవరి నుంచి జూలై వరకు, నగర కేంద్రంలోకి వచ్చిపోయే వాహనాల మీద రద్దీ రుసుమును ప్రయోగాత్మకంగా వసూలు చేశారు. ముందు ఎక్కువమంది వ్యతిరేకించారు. అలా వచ్చిపోయే వాహనాలు సుమారు ఐదో వంతు తగ్గడం కళ్లారా చూశాక, సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నగరవాసులు స్వల్ప ఆధిక్యంతో ఆమోదించారు, 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. రుసుము వల్ల డబ్బున్నవాడు రోడ్డును కొనుక్కుంటాడన్న అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేయదగింది కాదు. వసూలైన సొమ్ము బస్సులకే వెళుతోందని ప్రజలు లెక్కలతో సహా చూడగలిగితేనే ఆ పద్ధతికి న్యాయం ఉంటుంది.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఏ లింకు రోడ్డునైనా మంజూరు చేసే ముందు, ప్రస్తుత వాహనాల సంఖ్యను మాత్రమే కాకుండా, రోడ్డు తెరుచుకున్నాక వాహనదారులు దారులు ఎలా మార్చుకుంటారో కూడా అంచనా వేయించి, ఆ లెక్కను ప్రజల ముందుంచండి. అనుమానం ఉన్నచోట కొన్ని వారాలు ఆ దారిని తెరిచి, కొన్ని వారాలు మూసి కొలవండి. రద్దీ రుసుము పెట్టదలిస్తే గడువు ముందే ప్రకటించి ప్రయోగం చేయండి, ఫలితం చూశాక ప్రజలను అడగండి. రద్దీ వేళ కొంతమందిని చుట్టుదారికి పంపవలసి వస్తే, అది వారికి ఎక్కువ సమయం పట్టే దారి అన్న సంగతి దాచకుండా చెప్పండి, ఆ వంతు ఎప్పుడూ ఒకే ప్రాంతం వారి మీద పడకుండా మార్చండి. నా వంతు వచ్చిన రోజున నేను ఆ దారినే వెళతాను, మిగిలినవారూ వెళుతున్నారని నాకు తెలిసేలా చేయగలిగితే.

ఇట్లు,
భవదీయుడు,
ఒక వాహనదారుడు